అతుకుల చిట్టా

హైటెక్‌ సిటీ అనగానే ఎవరికైనా అద్దాల మేడలే గుర్తొస్తాయి. ఆ అద్దాల వెనక జరిగే పనంటే కొత్త యాప్‌ల తయారీ, వెబ్‌సైట్లు, ఈమధ్య అయితే కృత్రిమ మేధ... మొత్తానికి అంతా సరికొత్త వ్యవహారమే అనుకుంటారు. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే అవే మేడల్లో కొన్ని అంతస్తుల్లో ఇప్పటికీ నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు మెరుస్తుంటాయి. మౌస్‌తో పని ఉండదు, బొమ్మలుండవు. కమాండ్‌ కొట్టడం, వచ్చిన జవాబు చదువుకోవడం... అంతే. కొత్తగా చేరిన కుర్రాళ్లు మా సీట్ల పక్కనుంచి వెళ్తూ ‘ఇదేంటి సార్‌, మ్యూజియమా?’ అని నవ్వుతారు.

మ్యూజియం కాదు. దాని పేరు మెయిన్‌ఫ్రేమ్‌. ఐబీఎం కంపెనీ 1964 ఏప్రిల్‌ 7న సిస్టమ్‌ 360 పేరుతో ప్రకటించిన కంప్యూటర్ల వంశం అది. ఆ రోజుల్లో రాసిన ప్రోగ్రాములు ఇవాళ్టి యంత్రాల మీదా నడిచేలా తరం తర్వాత తరం కాపాడుకుంటూ వచ్చారు. పెద్దపెద్ద బ్యాంకుల ఖాతాలు, బీమా పాలసీలు, క్రెడిట్‌ కార్డుల లెక్కలు ప్రపంచంలో చాలాచోట్ల దీని మీదే నడుస్తున్నాయి. ‘ఇక మెయిన్‌ఫ్రేమ్‌ పని అయిపోయింది’ అన్న మాట నేను ఉద్యోగంలో చేరిన రోజునుంచీ వింటూనే ఉన్నాను. చేరి పాతికేళ్లు దాటింది. 2025లోనూ ఐబీఎం ఇంకో కొత్త యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చింది!

ఆ యంత్రాన్ని నడిపించే ఆపరేటింగ్‌ సిస్టమ్‌ పేరు జడ్‌ ఓఎస్‌. దాన్ని చూసుకునే వాళ్లను సిస్టమ్‌ ప్రోగ్రామర్లు అంటారు. నేనూ వాళ్లలో ఒకణ్ని. పేరులో ప్రోగ్రామర్‌ ఉందిగానీ మేం ప్రోగ్రాములు రాసేది తక్కువ. మా పనిలో పెద్ద వాటా ఒక ప్రశ్నకు జవాబు వెతకడమే. ‘ఈ సిస్టమ్‌లో ఏ భాగం ఏ మెయింటెనెన్స్‌ లెవెల్లో ఉంది?’ అంటే, ఏ భాగానికి ఏయే మరమ్మతులు జరిగాయి, ఏవి జరగలేదు అన్నమాట.

‘దీనికి జీతమిస్తారా?’ అని మా బావగారు ఒక పెళ్లిలో నిజంగానే అడిగారు. ఆయన తప్పేం లేదు. నాక్కూడా ఈ పనిని అర్థమయ్యేలా చెప్పడం చాలా రోజులు చేతకాలేదు. చివరికి దారి చూపించింది మా నాయిన.

నాయిన ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఒకసారి మా ఇంటికొచ్చినప్పుడు ‘ఏం పని బిడ్డా నీది? రాత్రిళ్లు కూడా ఉంటది?’ అని అడిగాడు. చెప్పడం మొదలుపెట్టాను. పది నిమిషాలు శ్రద్ధగా విన్నాడు. ‘ఓస్‌! మా డిపో పనేనా!’ అన్నాడు.

నిజమే. డిపోలో బస్సు సాయంత్రం గేటు లోపలికి రాగానే డ్రైవరు ఆ రోజు కనబడిన లోపాలన్నీ కాగితం మీద రాసిస్తాడు. బ్రేకు ఎడమకు లాగుతోంది, క్లచ్‌ జారుతోంది... ఇలా. మెకానిక్‌ చూసి బాగుచేస్తాడు. చేసింది రాస్తాడు. సూపర్‌వైజర్‌ సంతకం పెడతాడు. ఇది కాక, లోపం ఉన్నా లేకపోయినా ఇన్ని రోజులకోసారి, ఇన్ని కిలోమీటర్లకోసారి చూడాల్సినవి వేరే ఉంటాయి. ఏ బస్సుకు ఏ చక్రం బేరింగు ఎప్పుడు మార్చారో డిపోలో రాసి ఉంటుంది. బస్సు రోడ్డెక్కితే లోపల కూర్చున్న యాభైమందికి ఆ పుస్తకం సంగతే తెలియదు. తెలియాల్సిన అవసరం రాకూడదు కూడా!

* * *

ఇంతకీ మా పుస్తకం ఎలా ఉంటుందో చెబుతాను.

జడ్‌ ఓఎస్‌ అంటే ఒకే వస్తువు కాదు. డజన్లకొద్దీ భాగాల కూర్పు. పనులను వరసలో నిలబెట్టేది ఒకటి, డిస్కుల మీద ఫైళ్లు చూసుకునేది ఒకటి, ఎవర్ని లోపలికి రానివ్వాలో తేల్చే కాపలాదారు ఒకటి, నెట్‌వర్కు చూసేది ఇంకొకటి. ప్రతి భాగానికీ ఏడక్షరాల గుర్తింపు సంకేతం ఉంటుంది. మనిషికి ఇంటిపేరు ఎలాగో దానికి అది అలాగ.

ప్రపంచంలో ఏదో ఒక మూల ఎవరికో ఈ భాగాల్లో ఒకదానితో ఇబ్బంది వస్తుంది. కంపెనీకి ఫిర్యాదు చేస్తారు. లోపం నిజమేనని తేలితే దానికో నంబరిచ్చి నమోదు చేస్తారు. దాన్ని మేం ‘ఏపార్‌’ అంటాం. డ్రైవరు రాసిచ్చిన కాగితం లాంటిదనుకోండి. దానికి విరుగుడుగా తయారుచేసిన మరమ్మతు పేరు ‘పీటీఎఫ్‌’. రెండు ఇంగ్లిష్‌ అక్షరాలు, ఐదు అంకెలు. చిరిగిన చోట వేసే అతుకు. ఇలాంటివి వేల సంఖ్యలో ఉంటాయి. ఒకటి వెయ్యాలంటే దానికి ముందు ఇంకో రెండు వేసి ఉండాలి. కొత్తదొకటి వచ్చి పాత నాలుగింటిని తనలో కలిపేసుకుంటుంది. చుట్టరికాలు కలిపి చూసుకోకపోతే పెళ్లిపందిట్లో గొడవైనట్టే, ఇక్కడా గొడవే.

ఈ చుట్టరికాలన్నీ గుర్తుపెట్టుకునే గుమస్తా పేరు ఎస్‌ఎంపీఈ. ఇది కూడా ఓ సాఫ్ట్‌వేరే. ఏ అతుకు వచ్చింది, ఏది వేశారు, ఏది ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్నీ దాని ఖాతాలో ఉంటాయి.

దాని పద్ధతి మన ఇళ్లలో మందుల వ్యవహారంలాగే ఉంటుంది. షాపు నుంచి మందు తెచ్చి అలమారలో పెట్టడం మొదటి మెట్టు. దాన్ని రిసీవ్‌ అంటారు. ఇంట్లోకి వచ్చింది కానీ ఇంకా ఒంట్లోకి పోలేదు. రెండోది అప్లై. మందు వేసుకోవడం. సిస్టమ్‌ నడిచే లైబ్రరీల్లోకి ఆ అతుకు చేరుతుంది. వికటిస్తే వెనక్కి తీసెయ్యొచ్చు. మూడోది యాక్సెప్ట్‌. ఇక ఇది మన ఒంటికి పడిందని ఖాయం చేసుకోవడం. ఆ తర్వాత వెనక్కి తీసుకోవడం అంత సులువు కాదు. అందుకే యాక్సెప్ట్‌ దగ్గర ఎవరూ తొందరపడరు.

అప్లైకి ముందు ఉత్తుత్తి అప్లై ఒకటి ఉంటుంది. ‘అప్లై చెక్‌’ అంటాం. ఏదీ మార్చకుండా, నిజంగా వేస్తే ఏమవుతుందో చెబుతుంది. నాకు ఈ ఉద్యోగంలో బాగా నచ్చిన విషయం ఇదే. జీవితంలో ఎన్ని నిర్ణయాలకు అప్లై చెక్‌ ఉండి ఉంటే బాగుండేదో కదా!

మందు సీసా మీద ‘పరగడుపున వేసుకోరాదు’ అని రాసినట్టే, అతుకుల మీద కూడా హెచ్చరికలుంటాయి. వీటిని ‘హోల్డ్‌ డేటా’ అంటారు. ఇది వేశాక సిస్టమ్‌ను మళ్లీ మొదటి నుంచి లేపాలి, ఇది వేసేముందు ఫలానా సెట్టింగు మార్చాలి... ఇలా. కొన్నిసార్లు మరమ్మతు కోసం పంపిన పీటీఎఫ్‌లోనే లోపం బయటపడుతుంది. అప్పుడు దానిమీద ఎర్రజెండా పాతుతారు. మేం మూణ్నెల్ల కిందటే వేసేసిన పీటీఎఫ్‌ మీద ఇవాళ ఎర్రజెండా పడొచ్చు. కాబట్టి ‘ఒకసారి చూసేశాం, అయిపోయింది’ అనేది మా డిక్షనరీలో లేదు. తాజా హెచ్చరికల జాబితా తెచ్చుకోవడం, మన దగ్గర ఉన్నవాటితో పోల్చుకోవడం... ఇది ఆగని పని.

మరి వేలకొద్దీ ఉన్నవాటిలో ఏవి వెయ్యాలి? దానికి ఐబీఎం వాళ్లు కొన్నిటిని కలిపి పరీక్షించి మూడు నెలలకోసారి ‘ఇవి వేసుకోండి’ అని సిఫార్సు చేస్తారు. దాని పేరు ఆర్‌ఎస్‌యూ. పక్కన ఏడాది, నెల అంకెలుంటాయి. 2403 అంటే 2024 మార్చి అన్నమాట. ‘మీరు ఏ లెవెల్లో ఉన్నారు?’ అంటే మేం ఈ అంకె చెబుతాం. ఏడాదికి కనీసం రెండు నుంచి నాలుగుసార్లు ఇలా వేసుకోవడం మంచిదని చెబుతారు. బండికి సర్వీసింగ్‌ లాగా.

* * *

ఇంతవరకూ బాగానే ఉంది. గుమస్తా ఖాతాలో చూస్తే లెవెల్‌ తెలిసిపోతుంది కదా, ఇంక తనిఖీ ఎందుకు?

ఇక్కడే ఉంది తిరకాసు. ఖాతాలో రాసి ఉండటం ఒకటి. డిస్కు మీద ఉండటం ఇంకొకటి. ఇప్పుడు, ఈ క్షణాన మెమరీలో నడుస్తున్నది మూడోది. ఈ మూడూ ఒకటే అయి ఉండాలి. చాలాసార్లు అయే ఉంటాయి. కానీ అయి ఉండాలి అనుకోవడానికీ, అయ్యాయని చూడటానికీ మధ్య చాలా దూరం ఉంది.

విదేశంలోని ఓ ఆర్థిక సంస్థ మెయిన్‌ఫ్రేమ్‌ను మా బృందం కొన్నాళ్లు చూసేది. పేరెందుకులెండి. ఓ నెలాఖరున అక్కడ పనుల వరస ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. జీతాల ఫైళ్లు, లెక్కల రిపోర్టులు ఎక్కడివక్కడ ఆగాయి. ఇలాంటి లోపానికి విరుగుడు అప్పటికే వచ్చి ఉంది. ‘అది వేశారా?’ అని అడిగారు సపోర్టు వాళ్లు. అక్కడి ఉద్యోగి ఖాతా తీసి చూశాడు. వేసి మూడు నెలలైంది. తేదీ, సమయంతో సహా ఉంది. ‘అయితే ఇది అది కాదు, వేరే ఏదో’ అనుకుని అందరూ వేరే దారుల్లో వెతకడం మొదలుపెట్టారు. ఐదు గంటలు గడిచాయి. ఫోన్లో ముప్ఫైమంది. అవతల జీతాలు పడాల్సిన జనం.

మా బృందంలో కాకినాడ ఆవిడ ఒకరుండేవారు. అందరికంటే సీనియర్‌. పెద్దగా మాట్లాడరు. ఆవిడ ఖాతా జోలికి పోలేదు. పనుల వరస చూసే భాగాన్నే నేరుగా అడిగారు. ‘నీ మాడ్యూల్‌ మీద చివరగా పడిన పీటీఎఫ్‌ ఏది?’ అని. దానికో కమాండ్‌ ఉంది. జవాబుగా వచ్చిన నంబరు పాతది! వెంటనే ఇంకో కమాండ్‌ కొట్టారు. ఈ సిస్టమ్‌ ఎప్పుడు, ఏ డిస్కు నుంచి లేచిందో చెప్పేది. అదీ పాత డిస్కే.

సంగతేమంటే, మూడు నెలల కిందట కొత్త డిస్కు నుంచి సిస్టమ్‌ను లేపారు. ఆ రాత్రి ఇంకేదో చిన్న ఇబ్బంది వస్తే, ఉదయంలోగా చూద్దామని పాత డిస్కు మీదికి వెనక్కి వెళ్లారు. తెల్లారింది. ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. వెనక్కి వెళ్లిన మాట ఎక్కడా రాయలేదు. ఒక్కో డిస్కుకు ఒక్కో ఖాతా ఉంటుంది. ఆ ఉద్యోగి చూసింది కొత్త డిస్కు ఖాతా. అందులో రాసింది అక్షరాలా నిజం. కాకపోతే అది నడుస్తున్న సిస్టమ్‌ గురించి కాదు!

మందు అలమారలోనూ ఉంది, చీటీలోనూ ఉంది. వేసుకున్నది మాత్రం పక్కింటాయన.

ఆ తర్వాత మా తనిఖీ పట్టికలో ఒక గడి పెరిగింది. ‘నడుస్తున్న సిస్టమ్‌లో చూసింది ఎవరు, ఎప్పుడు?’ అని. ఆవిడ రిటైరయ్యారు. ఆ గడి మాత్రం ఉంది.

అన్నట్టు, సిస్టమ్‌ను మొదటి నుంచి లేపడాన్ని మేం ఐపీఎల్‌ అంటాం. 2008లో క్రికెట్‌ ఐపీఎల్‌ మొదలైనప్పటి నుంచీ మాకు ఇంట్లో ఇదో తలనొప్పి. ‘ఈ రాత్రికి ఐపీఎల్‌ ఉంది, ఆఫీసులో ఉండిపోతా’ అని ఫోన్‌ చేస్తే మా ఆవిడ ‘ఎవరెవరికండీ?’ అనేది. నిజానికి మాది చాలా పాతది. క్రికెట్‌ వాళ్లే మా పేరు వాడుకున్నారు!

* * *

మరమ్మతు అనే మాటకూ మన నగరానికీ కంప్యూటర్ల దగ్గర పాత చుట్టరికమే ఉంది. దేశీయ కంప్యూటర్లు తయారుచేసిన ఈసీఐఎల్‌ 1967లో ఇక్కడే మొదలైంది. 1978లో ఐబీఎం మనదేశం వదిలి వెళ్లిపోయినప్పుడు, ఇక్కడ మిగిలిపోయిన దాని యంత్రాలను చూసుకునే బాధ్యత ఓ ప్రభుత్వ సంస్థ తీసుకుంది. ఆ సంస్థ అసలు పేరే ‘కంప్యూటర్‌ మెయింటెనెన్స్‌ కార్పొరేషన్‌’. 1975లో పెట్టారు. తర్వాత అదే సీఎంసీగా మారింది. తయారుచేసినవాడు సామాను సర్దుకుని పోయినా యంత్రాలు ఆగలేదంటే, ఎవరో ఒకరు వాటి పుస్తకాలు దుమ్ము దులిపి చదివారన్నమాట. సీఎంసీ పరిశోధన విభాగం సికింద్రాబాద్‌లో ఉండేది. గచ్చిబౌలిలో పెద్ద క్యాంపస్‌ కూడా వెలిసింది. 2001లో టాటాల చేతికి వెళ్లి, 2015లో టీసీఎస్‌లో కలిసిపోయింది. పేరు పోయింది. పని మాత్రం ఊరంతా పాకింది.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్‌ టవర్స్‌ ప్రారంభించారు. అప్పుడు దాని చుట్టూ బండరాళ్లు, తుప్పలే. సరిగ్గా ఆ రోజుల్లోనే అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ గోడలన్నీ కోబాల్‌, జేసీఎల్‌, డీబీ2, సీఐసీఎస్‌ అనే బోర్డులతో నిండిపోయాయి. పాత ప్రోగ్రాముల్లో ఏడాదిని రెండంకెలతో రాసుకున్నారు కాబట్టి 2000 వచ్చేసరికి యంత్రం దాన్ని 1900 అనుకుంటుందని ప్రపంచమంతా గాభరాపడింది. అదే వై2కె. లక్షల లైన్ల పాత ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా చదివి సరిచేసే మనుషులు కావాల్సొచ్చింది. నల్లగొండ నుంచి, భీమవరం నుంచి, కడప నుంచి పిల్లలు సూట్‌కేసులతో దిగారు. నేనూ వాళ్లలో ఒకణ్ని. 1999 డిసెంబరు 31 రాత్రి దాటింది, ఏమీ జరగలేదు. ‘ఏమీ కానిదానికి ఇంత హడావుడి చేశారా?’ అన్నారు చాలామంది. ఏమీ కాకుండా ఉండటానికే కదా ఆ హడావుడంతా!

మా పనిలో చిక్కే అది. సరిగ్గా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోతే ఎవరికీ కనబడదు. ఏదైనా జరిగినప్పుడే మా పేరు బయటికొస్తుంది.

2012 జూన్‌లో బ్రిటన్‌లో అలాంటిదే జరిగింది. ఆర్‌బీఎస్‌ గ్రూపు బ్యాంకుల్లో రాత్రిపూట పనులను వరసపెట్టి నడిపించే సాఫ్ట్‌వేర్‌ను జూన్‌ 17 ఆదివారంనాడు కొత్త లెవెల్‌కు మార్చారు. మర్నాడు ఏదో తేడాగా ఉందని గమనించారు. మంగళవారంనాడు కొత్తదాన్ని తీసేసి పాతదానికి వెళ్లారు. వెనక్కి వెళ్తే ఏమవుతుందో ముందుగా పరీక్షించి చూడలేదు. కొత్తదానికీ పాతదానికీ పొసగలేదు. రాత్రి పనుల వరస తప్పింది. 65 లక్షలమంది ఖాతాదారులు ఇబ్బందిపడ్డారు. జీతం పడలేదని ఒకరు, ఇంటి వాయిదా కట్టలేకపోయామని ఇంకొకరు, పరదేశంలో చేతిలో డబ్బాడక చిక్కుకున్నామని మరొకరు. ఐర్లాండ్‌లో అల్‌స్టర్‌ బ్యాంకు ఖాతాదారుల తిప్పలు జులై దాకా సాగాయి. 2014 నవంబరులో బ్రిటిష్‌ నియంత్రణ సంస్థలు రెండూ కలిసి 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి.

ఆ వారం హైటెక్‌ సిటీలో మెయిన్‌ఫ్రేమ్‌ మీద పనిచేసే ఎవరికీ సరిగ్గా నిద్రపట్టలేదు. ఎందుకంటే, ఆ సాఫ్ట్‌వేర్‌ తెలిసినవాళ్లు హైదరాబాద్‌లో కావాలంటూ కొన్ని నెలల ముందు వచ్చిన ఉద్యోగ ప్రకటనను అక్కడి పత్రికలు బయటికి తీశాయి. ఇంకేముంది, ‘పనంతా చవగ్గా వస్తుందని ఇండియాకు పంపేశారు, అక్కడి అనుభవం లేని పిల్లలు చెడగొట్టారు’ అన్న మాట గుప్పుమంది. నాకా బ్యాంకుతో ఏ సంబంధమూ లేదు. అయినా మా ఊరినుంచి ఫోన్లొచ్చాయి. ‘ఆ లండన్‌ బ్యాంకు ముంచింది మీవాళ్లేనటగా?’ అని.

ఆ బ్యాంకు అధిపతి స్టీఫెన్‌ హెస్టర్‌ పార్లమెంటు కమిటీకి రాసిన లేఖలో మాత్రం, ఆ మెయింటెనెన్స్‌ జరిగిన వ్యవస్థలను చూసేదీ నడిపేదీ ఎడిన్‌బరోలోని తమ బృందమేనని చెప్పారు. నింద వచ్చినంత వేగంగా ఆ లేఖ సంగతి ఊళ్లు చేరలేదు. చేరదు కూడా. ఎడిన్‌బరో వాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ మంగళవారం రాత్రి వాళ్ల గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఊహించుకోగలను. నేను నేర్చుకున్నది ఒకటే. వెనక్కి వెళ్లడం కూడా ఒక మార్పే. ముందుకు వెళ్లేటప్పుడు ఎంత చూసుకుంటామో వెనక్కి వెళ్లేటప్పుడూ అంతే చూసుకోవాలి. ఎవరు ఏ లెవెల్లో ఏం చూశారో రాసి ఉంటేనే నింద వచ్చిన రోజున నిలబడగలం. ఆ కాగితం యంత్రాన్నే కాదు, దాని ముందు కూర్చున్న మనిషినీ కాపాడుతుంది.

* * *

మీరు ఈ ఆదివారం కాఫీ తాగుతూ ఈ పుస్తకం తిరగేస్తున్న వేళకు అమెరికాలో శనివారం అర్ధరాత్రి. అక్కడి బ్యాంకులు మార్పులకు తలుపులు తెరిచే వేళ అదే. న్యూయార్క్‌లో పన్నెండు కొట్టేసరికి మనకు ఉదయం తొమ్మిదిన్నర, చలికాలమైతే పదిన్నర. కాబట్టి మా ఇంట్లో ఆదివారం పేపరు సాయంత్రానికి గానీ నా చేతికి రాదు. అప్పటికి పదవినోదం మా ఆవిడ పూర్తిచేసి ఉంటుంది!

డిసెంబరులో మాత్రం మాకు విశ్రాంతి. క్రిస్‌మస్‌ కొనుగోళ్లు, ఏడాది చివరి లెక్కలు ఉంటాయి కాబట్టి ఎవరూ ఏదీ మార్చకూడదని తాళం వేస్తారు. జనవరిలో తాళం తీస్తారు. నెలరోజులుగా ఆగిన అతుకులన్నీ వెంటనే వెయ్యాలి. తీరా క్యాలెండర్‌ చూస్తే ఆ మొదటి వారాంతమే సంక్రాంతి! ‘ఆ యంత్రానికి భోగి, కనుమ ఏమీ ఉండవా నాన్నా?’ అని మా అమ్మాయి చిన్నప్పుడు అడిగేది. దాని ముగ్గుల ఫొటోలు చాలావరకు నేను ఆఫీసులో ఫోన్లో చూసినవే. ఆ లోటు లోటే. దానికి ఏ అతుకూ లేదు.

మూడేళ్ల కిందట మా బృందంలోకి కరీంనగర్‌ నుంచి ఓ అమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల. వాళ్ల నాన్నగారు ఓసారి ఆఫీసు కింద కలిశారు. ‘సార్‌, మీరు పెద్దవారు కాబట్టి అడుగుతున్నా. మా అమ్మాయిని ఈ పాత దాంట్లో ఉంచమంటారా? సంబంధాలవాళ్లు కూడా క్లౌడా, ఏఐనా అని అడుగుతున్నారు. మెయిన్‌ఫ్రేమ్‌ అంటే మొహం పెడుతున్నారు’ అన్నారు. ఆయన కళ్లలో ఆందోళన చూస్తే నవ్వలేకపోయాను. ఆయన భయంలో అర్థముంది. మా పనివాళ్లలో చాలామంది జుట్టు నెరిసినవాళ్లే. అమెరికాలో మాకు నేర్పిన తరం దాదాపు రిటైరైపోయింది. ఈ పిల్లలు రాకపోతే ఖాతాలుంటాయి, వాటిని చదివేవాళ్లుండరు.

‘ఉంచమని నేను చెప్పలేను. కానీ ఇక్కడ నేర్చుకున్నది ఎక్కడికెళ్లినా పనికొస్తుంది’ అన్నాను. నేనన్నది ఊరడింపు మాట కాదు. మీ ఫోన్‌లో ‘అప్‌డేట్‌ చేయమంటారా?’ అని వచ్చేది కూడా అతుకే. క్లౌడ్‌ అయినా, ఏఐ అయినా ఏదో ఓ యంత్రం మీద, ఏదో ఓ లెవెల్లో నడవాల్సిందే. ఏం నడుస్తోందో తెలియకుండా నడపడం ఎక్కడైనా ప్రమాదమే.

ఆ అమ్మాయి ఉండిపోయింది. ఇప్పుడు మేం బ్రౌజర్‌లోనే చాలా పనులు చేస్తున్నాం. నల్లతెర ముందు నేను గంటసేపు చేసే పోలికను తను రాసిన చిన్న ప్రోగ్రాం రెండు నిమిషాల్లో చేసి పెడుతుంది. ఏ భాగం వెనకబడి ఉందో, ఏ అతుకు మీద ఎర్రజెండా పడిందో రంగుల్లో చూపిస్తుంది. ఒకరోజు అడిగింది. ‘సార్‌, అంతా ఆకుపచ్చగానే వచ్చింది కదా, మళ్లీ ఆ కమాండ్‌ ఎందుకు కొట్టమంటారు?’ అని.

నాయిన చెప్పిన మాట ఆ పిల్లకు చెప్పాను. డిపోలో ఓ కొత్త కుర్రాడు బస్సుకు సర్వీసింగ్‌ అయిపోయిందని కాగితం తెచ్చిస్తే, నాయిన సంతకం కోసం పంపేవాడు కాదట. బస్సు ఓ చుట్టు తిరిగొచ్చాక హబ్‌ మీద అరచేయి పెట్టమనేవాడట. బేరింగు బిగుసుకుంటే ఆ వేడి చేతికి తెలుస్తుంది. ‘రాసింది సరే. చేత్తో పట్టి చూసినవా?’ అనేది ఆయన ప్రశ్న.

ఆ అమ్మాయి ఏమీ అనలేదు. వారం తర్వాత చూస్తే తన ప్రోగ్రాంలో కొత్త భాగం చేర్చింది. ఖాతా చదివిన తర్వాత అది నేరుగా నడుస్తున్న సిస్టమ్‌నే అడుగుతుంది, ఏ డిస్కు నుంచి లేచావు, ఏ నంబరు మోస్తున్నావు అని. రెండు జవాబులూ పక్కపక్కన పెడుతుంది. కలవకపోతే ఎరుపు. కలిసినా సరే, చివర్న ఓ ఖాళీ గడి వదిలింది. చూసినవారి పేరు, సమయం రాయడానికి. కాకినాడ ఆవిడను తనెప్పుడూ చూడలేదు.

పోయిన సంక్రాంతికి జనవరి పని ఆ అమ్మాయే ముందుండి నడిపింది. నన్ను ఊరెళ్లమంది. కనుమ రోజు ఉదయం ఫోన్లో ఓ సందేశం వచ్చింది. కొత్త లెవెల్‌ నంబరు, లేచిన సమయం, చూసినవారి దగ్గర తన పేరు. పక్కన కూర్చున్న నాయినకు చదివి వినిపించాను. కళ్లద్దాలు సవరించుకుని ‘బండి రోడ్డెక్కిందన్నమాట’ అన్నాడు. గారెలు చల్లారిపోతున్నాయని లోపలినుంచి పిలుపొస్తే ఇద్దరం లేచాం.